పేరును పరిచయమును

(దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి స్మృత్యర్థము బందరులో చేసిన ఉపన్యాసము)



ఏ మహనీయుని స్మరించుటకై మనము నేడిచ్చట సమావేశమైతిమో ఆ నాగేశ్వరరావు పంతులుగారు 1867లో ఈ కృష్ణామండలమందలి ఎలకుర్రు గ్రామమున జన్మించి, చెన్నపురిలో విద్య నభ్యసించి, కలకత్తాలోను బొంబాయిలోను వ్యాపారపు మెలకువలు నేర్చి, 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమును నెలకొల్పి, దానివలన వచ్చిన ధనముతో 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని, అటుపిమ్మట ఆంధ్రగ్రంథమాలను వెలయించి, తెలుగుజాతిచే దేశోద్ధారకుడనియు విశ్వదాతయనియు కొనియాడబడి, 1938లో కీర్తిశేషులైరి. వారిని స్మరించు సభలలో వక్తలు సాధారణముగ వారి దేశభక్తిని, దాతృత్వమును, భాషాసేవను గూర్చి ప్రసంగింతురు, అది ఉచితమే. కాని ఆ దాతృత్వమున కంతటికిని ఊటబావియైన చిన్న సీసాను గూర్చి, అందలి పచ్చని లేపనమును గూర్చి, దానిని మొదట కొన్నవారి మనస్సును గూర్చి మాటలాడినవారిని నేనెక్కువగ వినలేదు.

ఇంగ్లీషు మందులకే మన్ననగల ఆ దినములలో, ఊరుగాని ఊరిలో, తన భాషగాని భాషల నడుమ, ఒక తెలుగువాడు చేసిన లేపనమును జనులేల నమ్మిరి? కొనువాడు ఒక పేరును నమ్ముట యనగా నెట్టిది? దూరదేశపు పేరును గౌరవించుటయు, ఇరుగుపొరుగు పేరును ఒకప్పుడు ప్రేమించుటయు మరియొకప్పుడు చులకన చేయుటయు, దొంగపేరని యెరిగియు ఒక్కొక్కప్పుడు సంతోషముతో కొనుటయు, ఇవన్నియు ఒకే మనుష్యుని హృదయమున నెట్లు కాపురముండుచున్నవి? నేడు నేను విచారింపదలచినవి ఈ ప్రశ్నలు. నాకు తోచిన సమాధానమును ముందుగనే చెప్పివేసెదను. వస్తువును చేసినవానితోడి పరిచయము కొనువానికి తెగిపోయినచోట ఆ పరిచయమునకు బదులుగ పేరు వచ్చి నిలుచును. ఆ పేరునకును వస్తువునకును నడుమ మిగిలిన ఖాళీలో నకిలీ ప్రవేశించును. సరుకులయెడల మన మేర్పరచుకొను రాగద్వేషములలో పెక్కు ఆ ఖాళీని పూడ్చుకొనుటకు మనము చేయు యత్నములే.

ఇందులకు సాక్ష్యము కొరకు దూరము పోనక్కరలేదు. మన భాషయే చాలును. సీమ యను మాటకు ఎల్ల యనియు, ప్రాంతమనియు అర్థము. కోనసీమ, రాయలసీమ యనునప్పుడు మనము తలచునది ఆ యర్థమే. దొరలు వచ్చిన పిమ్మట మాత్రము సీమయన్న ఒక్కమాటయే ఇంగ్లండునకును, దాని వెనుకనున్న సముద్రాంతర ప్రపంచమునకును పేరైనది. సీమదొర, సీమసున్నము, సీమచింత. ఈ మూడవది ఇంగ్లండున మొలచు చెట్టు కాదు, మెక్సికో ప్రాంతపుది. ఐనను సముద్రము దాటివచ్చినదంతయు మనకు సీమదే. సీమసరుకన్నప్పుడు మన తాతల కంఠమున ధ్వనించిన అబ్బురపాటే నేడు ‘ఫారిన్‌ది’ అన్నప్పుడును ధ్వనించుచున్నది. దీనికెదురుమాట నాటు. నాటువైద్యము, నాటుసారా, నాటుబాంబు: ఏ మాటకు ముందు చేరినను మొరటుదనమునే సూచించిన యీ నాటు, మన కన్నులయెదుటనే తన జాతకమును మార్చుకొన్నది. నేడు బజారులో నాటుకోడికి బ్రాయిలరు కోడికంటె ధర యెక్కువ. నాటుగుడ్లు ఎక్కడ దొరకునని వెదకువారు పట్టణవాసులు. కోడి మారలేదు. దానిని పెంచిన పెరడును, గింజలు చల్లిన చేతిని ఎరుగని దశకు కొనువాడు వచ్చినాడు. ఎరుగనిదానికి విలువ కట్టుటకు ఆ మాటయొక్కటే యతనికి మిగిలినది.

ఇక దుకాణమున కరిగి ఒక విద్యుత్ స్విచ్చునో, కుళాయినో అడుగుడు. ‘కంపెనీది ఇమ్మంటారా, లోకల్‌దా?’ అని దుకాణదారుడు తప్పక ప్రశ్నించును. ఇక్కడ లోకల్ అనగా ఈ యూరిలో చేసినదని అర్థము కాదు. అది ఢిల్లీలో చేసినది కావచ్చును. చెడిపోయినచో అడుగుటకు నాథుడు లేనిదని దాని యర్థము. కంపెనీదనగా, పోయినచో మార్చి యిచ్చుటకు ఎక్కడనో ఒకడున్నాడని. కుంపిణీ యని మన పూర్వులు జంకుచు పలికిన మాటయే నేడు భరోసాకు పర్యాయపదమగుట విచిత్రము. డూప్లికేటన్న మాటయు నట్టిదే. ఇంగ్లీషున నకలు అను నిర్దోషమైన అర్థముగల ఆ పదమును మనము మోసమునకే ప్రత్యేకించుకొంటిమి. ఈ పదములన్నింటిని కలిపి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. వీనిలో నేదియు వస్తువుయొక్క గుణమును నేరుగ చెప్పదు. వస్తువు వెనుక నిలుచువా డెవడో, ఎంతదూరమున నున్నాడో, పిలిచిన పలుకునో పలుకడో, అదియే చెప్పుచున్నది.

ఈ విచారమునకు బందరుకంటె తగిన ఊరు లేదు. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఈ రేవునకు వచ్చి వర్తకశాలలు నెలకొల్పుకొన్నది ప్రధానముగ మన బట్టల కొరకే. కరక్కాయ రసములోను పాలలోను నానబెట్టి ఎండించిన గుడ్డపై పటికనీటితో అచ్చువేసి, చిరివేరుతో ఉడికించి, పారునీటిలో ఉతికి తెచ్చిన ఆ యెరుపు పర్షియానుండి తూర్పుదీవులవరకు పేరుగన్నది. ఆ బట్టలు ఐరోపాలో ప్రవేశించినప్పుడు అచటివారు వానిపై మోజుపడిన తీరు నెట్టిదనగా, తమ పట్టు, ఉన్ని పరిశ్రమలు పాడగుచున్నవని ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించెను. ఆ నిషేధము 1759వరకు సాగెను. ఇంగ్లండు 1700లో దిగుమతిని అరికట్టుచు, 1721లో ధరించుటను గూడ నిషేధించుచు చట్టములు చేసెను. ఐనను మోజు తగ్గలేదు. ఫ్రాన్సులో దండనకు సైతము వెరవక ఆ వస్త్రములను ధరించిన స్త్రీలు పెక్కండ్రు. నేడు మన యువకులు విదేశపు చెప్పుల జోడునకు పడు తహతహ ఆనాడు పారిస్ నగర స్త్రీలు కోరమండల తీరపు గుడ్డకు పడిరి. ఆనాటి ప్రపంచవ్యాప్తమైన పేరు మనది.

తరువాత జరిగినది వినదగినది. కేర్దూ అను ఫ్రెంచి మతగురువొకడు మన దేశమున చిరకాలము వసించి, తెలుగు నేర్చి, తెలుగు-ఫ్రెంచి నిఘంటువును గూర్చెను. సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతో గల చుట్టరికమును తొలుదొల్త గుర్తించినవారిలో నొకడుగ భాషాశాస్త్రజ్ఞులు నేటికిని అతనిని స్మరింతురు. ఆ పండితుడే 1742లో, తీరమందలి అద్దకపు పనివారి నడిగి తెలిసికొన్న రహస్యములను వరుసగ లేఖలో వ్రాసి స్వదేశమునకు పంపెను. నిషేధము తొలగిన మరుసటి యేడు, 1760లో, ఓబెర్కాంఫ్ అను నాతడు పారిస్ దాపున జూయీ గ్రామమున అద్దకపు కార్ఖానాను స్థాపించెను. ఐరోపాలో చేసిన యట్టి అనుకరణ వస్త్రములకు ఫ్రెంచివారు పెట్టుకొన్న పేరు ‘ఆందియెన్’. హిందూదేశపుదని దాని యర్థము. మన పేరే వారి సరుకునకు ముద్రయైనది. కొన్న స్త్రీకి బందరు పనివాని ముఖమెన్నడు తెలియదు గనుక, ఆ ముద్ర ఎవ్వరు వేసినదను ప్రశ్న ఆమెకు పుట్టనే లేదు. ఇట్లే, మన తీరమునుండి పశ్చిమాఫ్రికాకు పోయిన గళ్ల రుమాళ్లు ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అను పేర చలామణియైనవి. నిజమైన మద్రాసు రుమాలని ప్రత్యేకించి చెప్పవలసివచ్చినదనగా, అబద్ధపుదియు ఆ యంగడిలోనే యున్నదని గ్రహింపవలయును.

చక్రము తిరిగి, మాంచెస్టరు మిల్లుగుడ్డ మన పల్లెలను ముంచెత్తిన పిమ్మట, 1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా టౌనుహాలులో స్వదేశీ ఉద్యమ ప్రకటన జరిగినది. ఆ తేదీనే 2015నుండి జాతీయ చేనేత దినముగ మనము జరుపుకొనుచున్నాము. 1907లో బిపిన్ చంద్రపాలుగారు ఈ బందరులో చేసిన ప్రసంగములవలన రగిలిన ఉత్సాహమునుండియే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. వస్తువును కొనుటయందు ధర్మాధర్మముల విచారణ ప్రవేశించిన గొప్ప ఘట్టమిది. ఆనాడు ముతక ఖద్దరు కట్టినవాడు సన్ననిగుడ్డ కొనలేక కట్టలేదు, కట్టరాదని కట్టలేదు. ఈ భావమును కొలుచుటకు షింప్, శర్మ యను అమెరికా విద్వాంసు లిరువురు 1987లో 17 వాక్యముల కొలబద్దను నిర్మించి, స్వదేశవస్తువునే కొనవలెనను నీతిబుద్ధి ఎవనిలో నెంత యున్నదో అంకెలలో చూపిరి. కొలబద్ద క్రొత్తది, కొలువబడిన భావము మన తాతలకు చిరపరిచితము.

ఐతే నీతిబుద్ధియొక్కటియే యెంతకాలము నిలుచును? ఈ ప్రశ్నకు 1977లో మనదేశమున జరిగిన కథ మంచి జవాబు. విదేశ మారకద్రవ్య నియంత్రణ చట్టము ననుసరించి తన వాటాను తగ్గించుకొనుటకు సమ్మతింపక కోకాకోలా సంస్థ దేశమును విడిచిపోయెను. అప్పటి పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్. ఆ కొరతను తీర్చుటకు ప్రభుత్వమే ‘డబుల్ సెవెన్’ అను పానీయమును తయారుచేయించి బజారున కెక్కించెను. దానికి స్వదేశీ ముద్ర కలదు, ప్రభుత్వపు అండ కలదు. జనుల నాలుకకు మాత్రము పట్టలేదు, మాయమైపోయినది. అప్పుడే పార్లేవారు విడుదల చేసిన థమ్స్ అప్ ఘాటైన రుచితో నిలిచినది. 1993లో కోకాకోలా తిరిగివచ్చి ఆ పేరును కొన్నది. తన పానీయమును ముందునకు తెచ్చుకొనదలచినను, థమ్స్ అప్ తాగువారు మానలేదు. తెలుగునాట ఆ పానీయమున కున్న పట్టు వ్యాపారులెల్ల రెరిగినదే. వేసవి మధ్యాహ్నమున బస్సుదిగిన మనిషి ఆ పేరునే యడుగును. అది నేడు అట్లాంటా నగరపు సంస్థ సొత్తని చెప్పినచో అతనికి కొంచెము వింతగ నుండునేమో గాని, సీసాను తిరిగి యియ్యడు. స్వదేశీ యనునది అతనికి యాజమాన్యపు పత్రములలో లేదు. చిన్ననాడు పెండ్లివిందులో తాగిన రుచిలో నున్నది. ఇది వంచన యని నేననను. కాని యేది తనదో యేది కాదో కొనువాని జ్ఞాపకము చేతికి వదలివైచినప్పుడు, ఆ జ్ఞాపకమును గూడ కొనుగోలు చేయవచ్చునని తెలిసికొనుట మంచిది.

అమృతాంజనము డబుల్ సెవెన్, థమ్స్ అప్ అను ఈ రెంటికంటె భిన్నముగ నిలిచినది. సంగీతసభలలో పంతులుగారు ఆ లేపనమును ఉచితముగ పంచిపెట్టెడివారని చెప్పుకొందురు. ఆ చిన్నపనిలో నేను గొప్ప బుద్ధిని చూచుచున్నాను. స్వదేశీయము గనుక కొనుడని వారు ప్రాధేయపడలేదు. ఇంగ్లీషు పేరు పెట్టి సీమసరుకు వేషమును వేయలేదు. అమృతము, అంజనము అను రెండు సంస్కృతపదములను గూర్చి, ఆసేతుహిమాచలము అర్థమగు పేరొకటి కల్పించి, నుదుటికి రాచి చూడుమనిరి. నొప్పి తగ్గినదో లేదో రాచుకొన్నవానికి మరుక్షణమున తెలియును. పేరునకు ముందు పరిచయమును పంచిన వ్యాపారమది. మా యింట మా అమ్మ తన తలగడక్రింద ఆ సీసా నుంచుకొనెడిది. ఆమె చేతి వేడియు, ఆ ఘాటైన వాసనయు నాకు విడదీయరానివై పోయినవి. బ్రాండు పట్ల అభిమానము అను మాటను గ్రంథములలో చదివినప్పుడెల్ల నాకు జ్ఞప్తికి వచ్చునది ఆ తలగడయే.

దూరపు పేరు దగ్గర పేరుకంటె ఏల మెరయునను విషయమున రాజీవ్ బాత్రా మొదలగు విద్వాంసులు 2000లో ప్రకటించిన పరిశోధన మనకు ముఖ్యము. ఏలయనగా అందు పరిశీలింపబడినవారు భారతదేశపు కొనుగోలుదారులు. విదేశపుదని, విశేషించి పాశ్చాత్యదేశపుదని తోచిన పేరును వీరు ఎక్కువగ మెచ్చుట కేవలము నాణ్యమును జూచి కాదనియు, అందు హోదాయొక్క ఆకర్షణ కలదనియు, సంపన్నదేశముల జీవితవిధానముపై ఆరాధన గలవారిలో నిది మరింత హెచ్చనియు వారు కనుగొనిరి. నలుగురి కంటబడు వస్తువులయందు ఈ మొగ్గు అధికము. ఇది మనకు స్వానుభవమే. చేతిగడియారమునకు స్విట్జర్లాండు పేరు కోరువాడు ఇంటిలోని ఆవకాయకు గుంటూరు మిరపకారమునే కోరును. ఆ మనిషియే న్యూజెర్సీకి వలసపోయినచో, తెలుగు అక్షరములు ముద్రించిన పచ్చడిసీసా కొరకు ఇరువది మైళ్లు కారు నడుపును. చూచువారు మారిరి, దూరము తిరుగబడినది, మనోభావమును తిరుగబడినది.

ఇక నకిలీని గూర్చి. ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) లెక్క ప్రకారము 2016లో ప్రపంచ వాణిజ్యమున నూటికి 3.3 వంతులు, అనగా 50,900 కోట్ల డాలర్ల సరుకు, నకిలీదియో దొంగనకలో. ఇంత పెద్దమొత్తము కేవలము మోసపోయినవారు కొన్నది కాదు. గ్రాస్మన్, షపీరో యను అర్థశాస్త్రజ్ఞులు 1988లోనే ఈ వ్యవహారమున రెండు తెగలను వేరుచేసిరి: కొనువాని నేమరించి అమ్మునది యొకటి, కొనువాడెరిగియే కొనునది మరియొకటి. ఈ భేదమును మరచి నకిలీలన్నిటిని ఒకేగాట కట్టినచో విచారము చెడును.

ఎరిగి కొనువానిని ముందు చూతము. హైదరాబాదు వీథులలో ‘ఫస్ట్ కాపీ’ యని బాహాటముగ పిలిచి అమ్ము చేతిసంచులను, గడియారములను మీరెరుగుదురు. విల్కాక్స్, కిమ్, సేన్ అను మువ్వురు విద్వాంసులు 2009లో చేసిన పరిశోధన ప్రకారము, నలుగురిలో కలిసిపోవుటకై పేరును ధరింపగోరువారు నకిలీవైపు సులభముగ మొగ్గుదురు. తమ యభిరుచిని, తమ విలువలను వ్యక్తము చేసికొనుటకై ధరించువారిని నకిలీ యంతగ ఆకర్షింపదు. నీతివిచారము పనిచేయునదియు ఈ రెండవ తెగవారిలోనే. గురుతు ఎంత పెద్దదిగ కనబడునో మొదటివారి మోజు అంత పెరుగునని గూడ వారు చూపిరి. ఈ పరిశోధన నా మనస్సునకు సరియని తోచుచున్నది. పేరును కేవలము ఇతరుల కన్నులకొరకు కొనువానికి పేరుండిన చాలును, వస్తువెందులకు?

ఇచ్చట ఒక తప్పును మనము చేయరాదు. ఈ యూరి చిలకలపూడిలో తరతరములుగ రాగిపై బంగారు పూతతో చేయు రోల్డుగోల్డు నగలను నకిలీ యనువారు గలరు. నేనొప్పుకొనను. అమ్మువాడు బంగారమని చెప్పడు, కొనువాడు బంగారమని కొనడు. ఆడపిల్ల పెండ్లికి బంగారము కొనజాలని తల్లి తన మనస్సును గాయపరచుకొనక కొన్న ముచ్చట యది. పదార్థమున కనుకరణము వేరు, పేరున కనుకరణము వేరు. మొదటిదానిలో పనివాడు తన నేర్పును అమ్ముకొనును. రెండవదానిలో పరుని నేర్పును దొంగిలించి యమ్మును. చిలకలపూడి నగ యన్నపేరు నేడు తానే యొక భరోసాయైనది. ఆ పేరునకు గూడ నకిలీలు పుట్టినచో ఆశ్చర్యము లేదు.

ఏమరించి అమ్ము నకిలీకి నేను మీకు చూపగల యతి క్రూరమైన నిదర్శనము చేతిసంచి కాదు, గింజ. వస్తువులలో చూచి తెలిసికొనదగినవి కొన్ని, వాడి తెలిసికొనదగినవి కొన్ని యని అర్థశాస్త్రజ్ఞుడు ఫిలిప్ నెల్సన్ 1970లో విభజించెను. వాడినను తెలియని మూడవ తెగను 1973లో డార్బీ, కర్నీ చేర్చిరి. ప్రత్తివిత్తనము వాడి తెలిసికొనదగిన వస్తువే గాని, ఆ తెలివి వచ్చుసరికి ఋతువు దాటిపోవును. మృగశిరలో విత్తిన రైతునకు తాను కొన్నది మంచిదో కాదో పూతవేళకో కాయవేళకో గాని తెలియదు. అప్పటికి దుక్కి, ఎరువు, కూలి, కౌలు అన్నియు నేలపా లైనవి. మరల విత్తుటకు వాన రాదు. అమృతాంజనము నుదుటికి రాచిన నిమిషమున తీర్పు చెప్పును. విత్తనము అయిదారు నెలలకు చెప్పును. ఈ రెంటి నడుమనున్న కాలమే దొంగకు పెట్టుబడి.

2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించిన తరువాత ఆ పేరునకు పుట్టిన గిరాకీని ఆసరాగ గొని, రంగురంగుల సంచులలోను, సంచి లేని లూజు గింజలుగాను నకిలీలు మన పల్లెలకు వచ్చినవి. రైతు అమాయకుడై కొన్నాడని పట్టణములలో అనుకొందురు. నేను మాటలాడిన రైతులలో అమాయకుని చూడలేదు. పోయిన యేడు పొరుగుచేనిలో ఏది కాసినదో వారు పేరుతో, తూకముతో చెప్పుదురు. వారికది ప్రకటనలకంటె మిన్నయైన ప్రమాణము. కాని దుకాణదారుడే అప్పిచ్చువాడు. అరువున తెచ్చుకొనువాడు ఇచ్చినది తీసికొనవలసినదే. బిల్లు కావలెనని గట్టిగ నడిగినచో మరుసటి యేడు అరువు పుట్టదు. కావున అతని మనోభావమును పేరు నిర్ణయించుట లేదు, ఋణము నిర్ణయించుచున్నది. కొనువాని స్వేచ్ఛను ముందుగనే భావించి వ్రాసిన శాస్త్రగ్రంథములలో ఈ సంగతికి తగినంత చోటు లేదని నా ఫిర్యాదు. 1997–98లో ఓరుగల్లు ప్రాంతమున ప్రత్తిపైరు పురుగుపాలై రైతులు ప్రాణములు తీసికొన్నప్పుడు, కారణములలో నకిలీ పురుగుమందులు గూడ నున్నవని ఆ దుఃఖమును పరిశీలించినవారు వ్రాసిరి. రైతులు తమ పైరునకు కొట్టిన ఆ మందు పురుగును చంపలేదు. ఈ వాక్యమును నేను ఎన్నిసార్లు తలచుకొన్నను మనస్సు కుదుటబడదు.

శాసనములు లేకపోలేదు. 1966నాటి విత్తన చట్టము కలదు. 1999నాటి ట్రేడుమార్కుల చట్టమున పరుని ముద్రను దొంగిలించినవానికి ఆరు నెలలనుండి మూడేండ్ల వరకు కారాగారము కలదు. తెలంగాణ ప్రభుత్వము నకిలీ విత్తనముల వ్యాపారులను ముందస్తు నిర్బంధపు (పీడీ) చట్టపు పరిధిలోనికి తెచ్చినది. ఇవి యావశ్యకములే; ఐనను పైరు పోయిన తరువాతనే కదలునవి.

మరల బట్టకు వత్తును. బందరు కలంకారికిని, పోచంపల్లి ఇక్కతుకును భౌగోళిక గుర్తింపు లభించినది. 1999లో చేయబడి 2003లో అమలునకు వచ్చిన చట్టము ఫలమిది. చేనేతకు 2006లో హ్యాండ్లూమ్ మార్కును ప్రభుత్వము ప్రవేశపెట్టినది. ఐనను ఇక్కతు బొమ్మను మిల్లుగుడ్డపై అచ్చువేసి, కలంకారి యచ్చును స్క్రీనుపై దించి, చాల తక్కువ ధరకు పోచంపల్లి యనియు కలంకారి యనియు అమ్ముచున్నారు. నేనే ఒక నగరమున పెద్ద దుకాణమొకటిలో కలంకారి దుప్పటియని కొనితెచ్చినది మొదటి ఉతుకులోనే వెలసిపోయినది. డబ్బు పోయినదని నాకు చింత లేదు. ఆ వెలసిన గుడ్డను చూచిన మా పిల్లలు ‘కలంకారి యింతే’ అనుకొనిరి. ఆ మాటకే నాకు దుఃఖము కలిగినది. నకిలీ దొంగిలించునది ఒక్క అమ్మకమును కాదు, తరువాతి తరము అభిరుచిని. పెద్ద సంస్థ తన పేరును కాపాడుకొనుటకు న్యాయవాదులను పెట్టుకొనగలదు. నేతగానికి పేరు లేదు, ఊరిపేరే పేరు. దానిని దొంగిలించినవానిపై దావా వేయుటకు అతడు మగ్గము దిగిపోవలయును.

ఐనను ఈ రంగమున కొనువానికి విత్తనపు రైతునకు లేని భాగ్యమున్నది: వస్తువు కంటియెదుట నున్నది. ఇక్కతులో నూలునకే ముడులు కట్టి రంగువేసి పిదప నేయుదురు. కావున బొమ్మ రెండువైపులను ఒక్కతీరుగ నుండును, బొమ్మ యంచు ఈకవలె కొంచెము చెదరియుండును. అచ్చువేసినదానికి వెనుకవైపు వెలవెలపోవును. పయ్యెద నొకసారి తిరుగవేసి చూచినచో చాలును. ఆ చెదరిన అంచు వెనుక ఎంత పనియున్నదో తెలిసినచో చూపు మారును. నేతకు ముందు నూలును మేకులచుట్టు త్రిప్పి ఆసు పోయుటలో ఒక్క చీరకు వేలసార్లు చేయి ముందునకు వెనుకకు ఆడవలయును; తన తల్లి భుజములనొప్పిని చూడలేక చింతకింది మల్లేశంగారు ఆసు యంత్రమును కనిపెట్టి 2017లో పద్మశ్రీ నందిరి. ఆ నొప్పి తెలిసిన కొనుగోలుదారు బేరమాడునప్పుడు వేరుగ మాటలాడును, నేను చూచితిని.

సోదరీమణులారా, సోదరులారా! నా విన్నపము మూడుమాటలలో నున్నది. గింజ కొనునప్పుడు బిల్లును, సంచిపై లాటు నంబరును అడుగుడు. అడుగలేని రైతు మీ బంధువైనచో అతనితో దుకాణమునకు మీరు వెళ్లుడు. చీర కొనునప్పుడు తిరుగవేసి చూడుడు, ఏ యూరిలో ఎవరు నేసినదని అడుగుడు. జవాబు రానిచోట కొనకుడు. మూడవది మీ పిల్లలకొరకు. పెడన ఇక్కడికి పది కిలోమీటర్ల దూరము మాత్రమే. రేపు ఉదయము వారిని వెంటబెట్టుకొనిపోయి, కరక్కాయనీటిలో నానిన గుడ్డ వాసనను చూపించి, అచ్చు పడునప్పటి చప్పుడును వినిపించి, ఆ యచ్చువేసిన వాని పేరడిగి తెలిసికొని రండు.